విడుదలైన మర్నాడు

మూడేళ్లుగా వారానికోసారి జైలుకు వెళ్లి కుర్రవాళ్లకు చదువు చెబుతున్నాను. నిరుడు విడుదలైన ఒక అబ్బాయి మూడు నెలలకే తిరిగొచ్చి, అదే బల్ల ముందు కూర్చుని, "బయట పాత స్నేహితులు తప్ప ఎవరూ లేరు సార్" అన్నప్పుడు నాకు మాట రాలేదు. నేరాలు చేయడం 20 ఏళ్లకు కాస్త అటూఇటూ ప్రాయంలో పతాకస్థాయికి చేరి, ఆ తరువాత చాలామందిలో క్రమంగా తగ్గిపోతుందనీ, స్థిరమైన పని, నమ్మకం ఉంచే మనిషి దొరికితే ఆ మార్పు త్వరపడుతుందనీ నేరశాస్త్రం ఎన్నడో గుర్తించింది. జైలు చూపించి పిల్లలను భయపెట్టే కార్యక్రమాలు మాత్రం నేరాలను తగ్గించకపోగా పెంచాయని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. విడుదలైన తొలి వారాలే అత్యంత ప్రమాదకరమని తెలిసి కూడా, గేటు దాటిన అతడిని ఒక్కసారైనా పలకరించలేదు. ఆ తప్పు నాదే. ఈసారి అతడి విడుదల తేదీ రాసిపెట్టుకున్నాను. ఆ ఉదయం గేటు బయట నిలబడతాను.