బొంకుల దిబ్బ మీద స్వగతం

ఆదివారం, విజయనగరం

మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్క కూతురు నోట్సు పట్టుకుని వచ్చింది. డిగ్రీ మొదటి ఏడాది తెలుగు పరీక్ష దగ్గరపడింది. ఇతివృత్తం, పాత్ర, సంఘర్షణ, దృష్టికోణం, స్వగతం, ప్రతీక... ఒక్కోదానికి రెండేసి లైన్లు. కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పేసింది.

"ఇవన్నీ దేనికే?" అన్నాను.

"పరీక్షలో రాయడానికి పిన్నీ. ఇంకేటి?"

నాకు మనసొప్పలేదు. నిర్వచనం ముందు బట్టీపట్టి ఉదాహరణ తర్వాత వెతుక్కుంటే ఆ మాట పరీక్ష అయిన మర్నాడే పోతుంది. అలమారలోంచి కన్యాశుల్కం తీసి మొదటి పేజీ చదవమన్నాను.

"బొంకుల దిబ్బంటే మన బొంకుల దిబ్బేనా?"

"మనదే. ఈ నాటకం మొట్టమొదట ఆడిందీ మన ఊళ్లోనే, 1892లో. నీ చేతిలో ఉన్నది గురజాడ మళ్లీ పెంచి రాసి 1909లో వేసిన కూర్పు, ఏడు అంకాలది."

సాయంత్రం వేళ ఆ దిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే ఉంటాడు. సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర ఇరవై రూపాయలు పట్టుకెళ్లి సానిదానికి తగలేసిన సంగతి తనలో తనే చెప్పుకుంటాడు. "ఇంత నిజం ఇంకెవరి దగ్గరైనా చెప్తాడేమో చూడు" అన్నాను. పిల్ల పేజీలు తిప్పింది. శిష్యుడు వెంకటేశం వచ్చేసరికే గొప్పలు మొదలు. ఎదుటివాళ్లకి తెలియని ఆ ఇరవై రూపాయల సంగతి మనకి తెలుసు. అక్కణ్ణించి గిరీశం ఏం మాట్లాడినా మనం నమ్మం, నవ్వుతాం. స్వగతం చేసే పని ఇదీ.

తర్వాత దిద్దుబాటు తీశాం. అదీ గురజాడదే, 1910 నాటి కథ, చిన్నది. గోపాలరావు అర్ధరాత్రి దాటాక సానిపాట విని ఇంటికొచ్చి తలుపు కొడతాడు. భార్య కనబడదు, ఉత్తరం మాత్రం ఉంటుంది. ఆవిడ మంచం కిందే ఉందని అతనికి తెలీదు, మనకీ తెలీదు. చివర్లో ఆవిడ నవ్వు వినిపించగానే పిల్ల కూడా నవ్వేసింది. "అయితే పిన్నీ, గిరీశం దగ్గర మనకి ఎక్కువ తెలుసు, ఇక్కడ అతనికి తెలిసినంతే తెలుసు!" దృష్టికోణం గురించి దాని నోట్సులో ఉన్న రెండు లైన్ల కంటే ఈ ఒక్క మాట నాకు వెయ్యి రెట్లు నచ్చింది. కథ చదివేటప్పుడు నేను ముందు చూసుకునేదీ అదే: ఎవరికి ఎంత తెలుసు, ఎప్పుడు తెలిసింది.

ఛందస్సుకి ఎక్కువ సేపు పట్టలేదు. "గుత్తునా ముత్యాల సరములు" అన్న గురజాడ పాదానికి చప్పట్లు కొట్టించాను. గుత్తు, నాము, త్యాల, సరములు. మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. చెయ్యి కుదిరాక లెక్క దానంతటదే వచ్చేసింది. ఉపమేయం, ఉపమానం వగైరా దానికి స్కూల్నుంచీ వచ్చు, వదిలేశాను.

ప్రతీక ఒకటి మిగిలింది. దానికి మన చాసో (చాగంటి సోమయాజులు) కథ వాయులీనం ఉంది. భార్య జబ్బు పడితే వైద్యం కోసం ఆవిడ ఫిడేలే అమ్మేస్తారు. ఆవిడ బతుకుతుంది. మిగిలిన డబ్బులో చీర కూడా వస్తుంది. పుస్తకం దానికిచ్చి, ఆ ఫిడేలుతోపాటు ఆ ఇంట్లోంచి ఇంకా ఏం పోయిందో రాసుకుని రమ్మన్నాను.