పాలపుంత నడిమధ్యన ఉన్న కృష్ణబిలాన్ని ఎలా తూచారు?

మన పాలపుంత నడిబొడ్డున ఎస్2 అనే నక్షత్రం ఏమీ కనిపించని ఒక చోటు చుట్టూ 16 ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ఆ చోటి పేరు సాజిటేరియస్ ఎ స్టార్. కృష్ణబిలాలకు ఆధారాలు చాలా ఉన్నాయి గానీ, నాకు అన్నిటికన్నా గట్టిగా తోచేది ఈ నక్షత్రం లెక్కే. కాగితం, పెన్సిలు ఉంటే ఎవరైనా వేసి చూసుకోవచ్చు.

ముందు నక్షత్రం కనిపించాలి కదా. వేసవి రాత్రుల్లో వృశ్చికం తోక పక్కన, ధనూరాశి వైపు చూస్తే పాలపుంత బాగా చిక్కగా ఉండే దిక్కు అదే. దూరం దాదాపు 27 వేల కాంతి సంవత్సరాలు. దారి పొడవునా దుమ్ము. అక్కడ బయల్దేరిన మామూలు కాంతిలో లక్ష కోట్ల ఫోటాన్లకు (కాంతి కణాలకు) ఒకటి మనదాకా వస్తే గొప్ప. అదే 2.2 మైక్రాన్ల పరారుణ కాంతి అయితే సుమారు పదో వంతు దుమ్ము దాటి వస్తుంది. అందుకే ఈ పనంతా పరారుణంలోనే చేస్తారు.

దుమ్ము తర్వాతి తంటా మన గాలి. ఆర్క్ సెకండు అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఎస్2 కక్ష్య మొత్తం ఆకాశంలో ఆర్క్ సెకండులో నాలుగో వంతు కూడా ఉండదు. గాలి కదలికలకు ఒక్కో చుక్కా అంతకంటే ఎక్కువే అలుక్కుపోతుంది. 1990లలో చిలీలో రైన్‌హార్డ్ గెంజెల్ బృందం, హవాయిలోని కెక్ టెలిస్కోపుతో ఆండ్రియా గెజ్ బృందం దీనికి ఒకే ఉపాయం వాడాయి: సెకండులో పదో వంతు లాంటి చిన్న ఎక్స్‌పోజర్లు వేల సంఖ్యలో తీసి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా జరిపి కలపడం. తర్వాత అడాప్టివ్ ఆప్టిక్స్ వచ్చింది. ఆకాశంలో సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున ఉండే సోడియం పొరను 589 నానోమీటర్ల లేజర్‌తో వెలిగించి, ఆ కృత్రిమ చుక్క ఎలా వణుకుతోందో చూస్తూ, పల్చటి అద్దాన్ని సెకండుకు వందలసార్లు వంచి గాలి చేసిన చెడుపును సరిదిద్దుతారు.

ఇక్కడ చాలామంది వదిలేసే చిక్కు ఒకటుంది. కృష్ణబిలం చుట్టూ ఉన్న వేడి వాయువు ఎప్పుడూ స్పష్టంగా కనిపించేది రేడియోలో. నక్షత్రాలు కనిపించేది పరారుణంలో. రెండు పటాలనూ ఒకదానిమీద ఒకటి ఎలా పరచాలి? ఆ చుట్టుపక్కల కొన్ని ఎర్ర రాక్షస నక్షత్రాల వాయు పొరల్లో సిలికాన్ మోనాక్సైడ్ మేజర్లు (లేజర్ లాంటివే, కానీ రేడియో తరంగాలను వెదజల్లుతాయి) ఉన్నాయి. అందుకే ఆ నక్షత్రాలు రెండింట్లోనూ కనిపిస్తాయి. వాటినే మేకుల్లా దిగ్గొట్టి పటాలను కలిపారు. ఆ మేకులు కాస్త జరిగితే కక్ష్య కూడా జరిగినట్టే కనిపిస్తుంది. పైగా ఎస్2 దగ్గరికి వచ్చినప్పుడు కృష్ణబిలం చుట్టూ వచ్చే పరారుణ మెరుపులు, వెనకున్న మసక నక్షత్రాలు దాని కాంతిలో కలిసిపోయి స్థానాన్ని తప్పు చూపిస్తాయి.

ఇక లెక్క. కక్ష్య సగం పొడవు 0.125 ఆర్క్ సెకండ్లు, దూరం 8,277 పార్సెక్‌లు. భూమికీ సూర్యుడికీ మధ్య దూరం ఒక ఆర్క్ సెకండు వెడల్పుగా కనిపించేంత దూరమే ఒక పార్సెక్, అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. అందుకే రెండూ గుణిస్తే సుమారు 1,035. అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 1,035 రెట్లు. కెప్లర్ మూడో సూత్రం ప్రకారం దీని ఘనాన్ని, పరిభ్రమణ కాలమైన 16.05 ఏళ్ల వర్గంతో భాగించండి. 110.9 కోట్లను 257.6తో భాగిస్తే 43 లక్షలు. ఈ కొలతల్లో జవాబు సూర్యుడి బరువుకు ఎన్ని రెట్లో వస్తుంది. మధ్యలో ఉన్నది 43 లక్షల సూర్యుల బరువు!

దూరం ఎక్కడినుంచి వచ్చిందని అడగాలి. దూరంలో 1 శాతం తప్పితే బరువులో 3 శాతం తప్పుతుంది. దీనికీ ఎస్2యే సాయం. ఫొటోల్లో అది ఏడాదికి ఎన్ని ఆర్క్ సెకండ్లు కదిలిందో తెలుస్తుంది. వర్ణపటంలో 2.166 మైక్రాన్ల హైడ్రోజన్ గీత ఎంత జరిగిందో చూస్తే, మనవైపుకో అవతలికో సెకండుకు ఎన్ని కిలోమీటర్లు పోతోందో తెలుస్తుంది. రెండూ ఒకే కక్ష్యలో ఇమడాలంటే దూరం ఒక్కటే కుదురుతుంది. ఇబ్బందల్లా అక్కడి వాయువు కూడా అదే గీతలో వెలగడం. దాన్ని జాగ్రత్తగా తీసేయకపోతే వేగం తప్పుతుంది.

2018 మే నెలలో ఎస్2 అతి దగ్గరికి వచ్చింది: భూమి-సూర్యుల దూరానికి 120 రెట్లు, వేగం సెకండుకు సుమారు 7,650 కిలోమీటర్లు. చిలీ పరనాల్ కొండమీది నాలుగు 8.2 మీటర్ల టెలిస్కోపుల కాంతిని గ్రావిటీ అనే పరికరంలో కలిపి చూశారు. గురుత్వాకర్షణ, వేగం కలిసి ఆ కాంతిని సెకండుకు 200 కిలోమీటర్లకు సరిపడా ఎరుపు వైపు జరిపాయి. న్యూటన్ లెక్కలో ఇది రాదు, ఐన్‌స్టీన్ లెక్కలో సరిగ్గా వస్తుంది. గెంజెల్, గెజ్‌లకు 2020లో నోబెల్ బహుమతి వచ్చింది.

43 లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలం నీడ భూమి నుంచి ఎంత వెడల్పు కనిపించాలో ఈ లెక్కతో ముందే తెలుసు: సుమారు 53 మైక్రో ఆర్క్ సెకండ్లు. నక్షత్రాలతో ఏ సంబంధమూ లేకుండా, 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాలతో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ (ప్రపంచంలో పలుచోట్ల ఉన్న రేడియో టెలిస్కోపుల జట్టు) 2022 మే 12న విడుదల చేసిన చిత్రంలో ఉంగరం కొలత 52.