నిద్ర పడుతోందా అని అడిగిన అక్క

సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు దిండు తడిసిపోయేది. ఎచ్చెర్ల దగ్గర హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతున్నాను అప్పుడు. దగ్గరలో చూపించుకుంటే సిరప్పులు మార్చి మార్చి ఇచ్చారు తప్ప కళ్లె పరీక్ష మాటే ఎత్తలేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు ఆ పరీక్ష తప్పనిసరని శ్రీకాకుళంలో పెద్దాసుపత్రికి వెళ్లాకే తెలిసింది. టీబీ అని తేల్చారు.

"ఎవరికీ చెప్పకే తల్లీ, రేపు సంబంధాలు చూడాలి కదా" అంది అమ్మ, టెక్కలి బస్సులో నా చెయ్యి వదలకుండా. ఆవిడ భయం నాకు తెలుసు. కానీ రోగం కంటే ఆ దాపరికమే నన్ను ఎక్కువ కుంగదీసింది. రూమ్మేట్లకు టైఫాయిడ్ అని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన బిళ్లలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది. మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమనుకుని వణికిపోయాను. అది ఆ బిళ్లల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు రంగు, భయపడక్కర్లేదని మొదటి రోజే చెప్పాల్సిన మాట. అరికాళ్లు తిమ్మిరెక్కకుండా బీ6 విటమిన్ బిళ్ల కూడా ఇచ్చారు. ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు పోషణకని ఖాతాలో వేస్తుంది, 2024 నవంబరుకు ముందు అది ఐదొందలే. అమ్మ ఆ డబ్బుతో గుడ్లు, పాలు కొనేది.

దగ్గు తగ్గింది, బరువు పెరిగింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం మంచం దిగాలనిపించేది కాదు. ప్రాక్టికల్ రికార్డు ముందేసుకుని ఒకే పేజీ చూస్తూ పొద్దు గడిపేదాన్ని. బ్యాచ్ వాళ్లంతా సెమిస్టర్ రాసేస్తున్నారు, ఫోన్ మోగితే తీయాలన్నా టెన్షన్. ఇది నీరసం కాదని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

మందులిచ్చే అక్కకు తోచింది. "తింటున్నావా అని అందరూ అడుగుతారు గానీ, నిద్ర పడుతోందా పాపా?" అంది. అక్కడే ఏడ్చేశాను. ఆవిడ తొందరపెట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది, కార్డు వెనక 14416 అని రాసిచ్చింది. అది మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే టెలీ మానస్ సేవ నంబరు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. ఏ వేళ చేసినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్ చేస్తే, అవతలి ఆవిడ సలహాలు గుప్పించకుండా విన్నది. తర్వాత మానసిక వైద్యుల ఓపీకి కూడా వెళ్లమంది, వెళ్లాను.

ఒక స్నేహితురాలికి నిజం చెప్పాను. మందులు పనిచేయడం మొదలయ్యాక అంటుకునే ప్రమాదం తగ్గిపోతుందని వివరించబోతే, "అదంతా తర్వాత, నోట్సు ఎప్పుడు పంపను?" అంది.

హాస్టళ్లలో జ్వరం వస్తే థర్మామీటరు పెట్టే మనిషి ఉంటారు. నిద్ర గురించి అడిగే మనిషినీ పెట్టాలని మా విభాగంలో అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను. మిగిలిపోయిన పేపర్లు ఈ సెమిస్టర్లో రాస్తున్నాను. దిగులు పూర్తిగా పోలేదు. అది మీదపడే రాత్రుళ్లు ఇప్పుడు ఎవరో ఒకరికి ఫోన్ చేస్తున్నాను.