తాగుడు హఠాత్తుగా ఆపిన మూడో రోజు

కార్తీకంలో క్యాజువాలిటీకి వచ్చే ఒక రకం కేసు ఉంది. పాతికేళ్ల కుర్రాడు అయ్యప్ప మాల వేసుకుని రెండు రోజులు కూడా కాలేదు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి పూజకు కూర్చున్నాడో లేదో ఫిట్స్. నియమం ఎక్కడ తప్పిందా అని ఇంట్లోవాళ్లు తలలు పట్టుకుంటారు. వాడు నియమం తప్పలేదు, గట్టిగా పాటించాడు. రోజుకు రెండు క్వార్టర్లు తాగేవాడు మాల పడిన పూట నుంచి చుక్క ముట్టలేదు. ఆర్థోపెడిక్ వార్డులో అయితే ఇదే మరోలా కనిపిస్తుంది. బైకు మీద నుంచి పడి కాలు విరిగి చేరినవాడు మూడో రాత్రి కట్టు పీక్కుంటూ, గోడ మీద లేని పురుగుల్ని దులుపుతూ, కన్నతల్లిని గుర్తుపట్టకుండా అరుస్తాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందేమోనంటారు. తాగుడు సంగతి చేర్చేటప్పుడు ఎవరూ చెప్పి ఉండరు.

క్వార్టరంటే 180 మి.లీ. మామూలు విస్కీ, బ్రాందీలో 42.8 శాతం ఆల్కహాల్ లెక్కన అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. రోజూ రెండు క్వార్టర్లంటే 120 గ్రాములు. ఇంత మత్తును నెలల తరబడి తట్టుకోవడానికి మెదడు తనను తాను మార్చుకుంటుంది. శాంతపరిచే గాబా వ్యవస్థ మొద్దుబారుతుంది, ఉద్రేకపరిచే గ్లుటమేట్ వ్యవస్థ పెరుగుతుంది. మత్తు ఒక్కసారిగా తీసేస్తే ఆ ఉద్రేకాన్ని అదుపుచేసేది ఏదీ మిగలదు.

ఇక గంటల లెక్క చూడాలి. ఆఖరి పెగ్గు తర్వాత 6 నుంచి 12 గంటల్లో చేతుల వణుకు, చెమట, వికారం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్యే. అసలు ప్రమాదం 48 నుంచి 96 గంటల మధ్య వచ్చే డెలిరియం ట్రెమెన్స్. జ్వరం, బీపీ, గుండెవేగం పెరిగి మనిషి ఉన్న చోటు, టైము మరిచిపోతాడు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. మొదటి రోజు వణుకు చూసి భయపడి, రెండో రోజు కాస్త తగ్గగానే హమ్మయ్య అనుకుంటారు గానీ, గట్టిగా కనిపెట్టుకుని ఉండాల్సింది మూడో, నాలుగో రోజుల్లో.

అందరినీ ఆసుపత్రిలో చేర్చాల్సిన పని లేదు. గతంలో ఎప్పుడూ ఫిట్స్ రాని, మరో జబ్బు లేని కుర్రాడికి వణుకు కొంచెమే ఉండి, పక్కన తాగని మనిషి ఒకరు ఉంటే, రోజూ డాక్టరుకు చూపిస్తూ ఇంట్లోనే మాన్పించవచ్చు. ఇంతకుముందు మానేసినప్పుడు ఫిట్స్ గానీ మతిభ్రమణ గానీ వచ్చినవాడినీ, పొద్దున్నే చేతి వణుకు ఆపుకోవడానికి 90 మి.లీ. వేసుకునేవాడినీ, మందుతో పాటు నిద్రమాత్రలు కూడా మింగేవాడినీ, కళ్లు పచ్చబడ్డవాడినీ, చచ్చిపోతానంటున్నవాడినీ మాత్రం చేర్చాల్సిందే.

చేర్చేటప్పుడు తల్లిదండ్రులు పరువు కోసం అబద్ధమాడతారు. "ఈ మధ్యే అలవాటైందండీ, ఫ్రెండ్స్‌తో ఎప్పుడో ఒక బీరు." ఆ ఒక్క మాటతో డోసు తప్పిపోతుంది. డాక్టరుకు కావాల్సినవి ఇవి: ఆఖరిసారి ఎన్ని గంటలకు తాగాడు, రోజుకు ఎంత, ఎన్నాళ్ల నుంచి, ఇంకేం వాడుతున్నాడు. గదిలో దొరికిన ఖాళీ స్ట్రిప్పులు పారేయకుండా కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. వాడి ముందు చెప్పడం ఇబ్బందైతే నర్సును పక్కకు పిలిచి చెప్పండి.

వార్డులో చేసే పని పైకి చాలా మామూలుగా ఉంటుంది. నర్సు వచ్చి రెండు చేతులూ ముందుకు చాపి వేళ్లు విడదీయమంటుంది, అరచేతి చెమట చూస్తుంది, ఈరోజు ఏ వారం, ఇది ఏ ఊరు అని అడుగుతుంది, లైటు కళ్లకు గుచ్చుకుంటోందా, ఒంటి మీద ఏమైనా పాకుతున్నట్టుందా అని అడుగుతుంది. తాగుడు ఆపినందుకు వచ్చిన లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో కొలిచే సివా అనే స్కేలు ఇది. పది అంశాలు, మొత్తం 67 మార్కులు. 8 లోపైతే తేలిక, 15 దాటితే తీవ్రం. మార్కు ఎక్కువగా ఉన్నంతసేపు గంటకోసారి చూసి, దాన్నిబట్టి మాత్ర పెంచుతారు.

మెదడును శాంతపరిచే ఆ మాత్ర సాధారణంగా క్లోర్‌డయాజెపాక్సైడ్. ఓ మోస్తరు లక్షణాలుంటే మొదటి రోజు 20 నుంచి 25 మి.గ్రా. చొప్పున నాలుగుసార్లు ఇచ్చి, రోజూ ఐదో వంతో నాలుగో వంతో తగ్గిస్తూ 5 నుంచి 7 రోజుల్లో పూర్తిగా ఆపేస్తారు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇది ఒంట్లో పేరుకుపోతుంది కాబట్టి లోరాజెపామ్ వాడతారు. ఇది చదివి మెడికల్ షాపులో కొనుక్కొచ్చి ఇంట్లో మొదలుపెట్టేవాళ్లుంటారు, అందుకే చెబుతున్నాను. ఈ మాత్ర మీద మందు తాగితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. గోల చేస్తున్నాడని ఒక్క హాలోపెరిడాల్ ఇంజెక్షన్‌తో సరిపెట్టడమూ తప్పే. అది మనిషిని అణచిపెడుతుంది గానీ మత్తు ఆపినందుకు వచ్చే లక్షణాలను, అంటే విత్‌డ్రాయల్‌ను ఆపదు, పైగా ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మన ఊళ్ల గ్లూకోజ్ బాటిల్. "రెండు రోజుల నుంచి ఏం తినట్లేదు, ఒక సెలైన్ ఎక్కించండి" అనగానే ఆర్‌ఎంపీ ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ తగిలిస్తాడు. తిండి మానేసి తాగేవాడి ఒంట్లో థయమిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి శరీరానికి ఆ విటమిన్ కావాలి. ఉన్న కాస్తా దానికే ఖర్చయిపోతే వెర్నికీ అనే మెదడు జబ్బు ముంచుకొస్తుంది. చూపు తిప్పలేక కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట తికమక పడుతుంది. తాగి తూలుతున్నాడనుకుని వదిలేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఇరవై ఆరేళ్లకు పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని మనిషి మిగులుతాడు. అందుకే థయమిన్ ముందు పడాలి, అదీ ఇంజెక్షన్ రూపంలో. తాగుడుతో పాడైన పేగు మాత్రను సరిగా పీల్చుకోదు. వెర్నికీ అనుమానం ఉంటే 500 మి.గ్రా. దాకా రోజుకు మూడుసార్లు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. షుగర్ నిజంగానే పడిపోయి ఉంటే గ్లూకోజ్ ఆపకూడదు, రెండూ కలిపే ఇవ్వాలి. పొటాషియం, మెగ్నీషియం కూడా చూడాలి. మెగ్నీషియం తక్కువుంటే థయమిన్ కూడా సరిగా పనిచేయదు.

ఇంట్లో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి టైము చూసుకోండి, 108కి ఫోన్ చేయండి. చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య స్పూను దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు.

తెలంగాణలో కల్లు సంగతి వేరే. కల్తీ కల్లులో కలిపేది ఎక్కువగా అల్ప్రాజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్. కుర్రాడు "కల్లే కదా సార్" అంటాడు గానీ వాడు మానాల్సింది నిద్రమాత్ర. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరుస కట్టింది ఇందుకే. ఇక్కడ వారం కోర్సు పనికిరాదు. అర మి.గ్రా. అల్ప్రాజోలమ్‌కు సుమారు 10 మి.గ్రా. డయాజెపామ్ లెక్కన మార్చి, వారానికో రెండు వారాలకో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గిస్తూ నెలల పాటు లాగాలి. తొందరపడితే ఆలస్యంగానైనా ఫిట్స్ రావచ్చు.

హెరాయిన్ గానీ, ట్రమడాల్, టపెంటడాల్ లాంటి మత్తు నొప్పి మాత్రలు గానీ వాడేవాళ్లకు విత్‌డ్రాయల్ నరకంలా ఉంటుంది. ఒళ్లు నొప్పులు, విరేచనాలు, కారే ముక్కు, నిక్కబొడుచుకున్న రోమాలు. అయినా డీహైడ్రేషన్ కాకుండా చూస్తే, వేరే జబ్బు లేని కుర్రాడి ప్రాణానికి సాధారణంగా ముప్పుండదు. ఈ లక్షణాలు తగ్గించే బుప్రెనార్ఫిన్ మాత్ర నాలుక కింద పెడతారు, అయితే లక్షణాలు బాగా మొదలయ్యాకే. ముందే పెడితే ఒంట్లో ఉన్న మత్తును తోసేసి విత్‌డ్రాయల్‌ను ఒక్కసారిగా రేపుతుంది. ముప్పు ఆ తర్వాత ఉంది. పది రోజులు మానితే తట్టుకునే శక్తి పడిపోతుంది. బయటికొచ్చి పాత డోసే వేసుకున్నవాడు ఊపిరాడక చనిపోవచ్చు. గంజాయికి ఇంత తంతు లేదు, రెండు వారాలు చిరాకు, నిద్రలేమి భరించాలి అంతే.

ఐదో రోజుకు కుర్రాడు స్నానం చేసి, ఇడ్లీ తిని, నవ్వుతూ మాట్లాడతాడు. సరిగ్గా అప్పుడే ఇంటికి తీసుకుపోతామంటారు. అప్పటికి ఒళ్లు శుభ్రపడింది అంతే, తాగాలనే కోరిక అలాగే ఉంది. కోరిక తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మి.గ్రా., లేదా అకాంప్రొసేట్ 333 మి.గ్రా. మాత్రలు రెండేసి మూడు పూటలా ఇస్తారు. వాటితో పాటు నెలల కౌన్సెలింగ్. మత్తు నొప్పి మాత్రలు వాడినవాడికి అవి ఆపాక కనీసం 7 నుంచి 10 రోజుల దాకా నాల్‌ట్రెక్సోన్ ఇవ్వకూడదు.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ గురించి గట్టిగానే చెప్పాలి. వాడికి తెలియకుండా కూరలో కలపమని ఇచ్చే పొడుల్లో ఇదే ఉండొచ్చు. దీని మీద తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె లయ తప్పవచ్చు. ఆపేసిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. ఆఖరి పెగ్గు తర్వాత కనీసం 12 గంటలు గడిచాక, వాడి ఒప్పుకోలుతో, లివర్ పరీక్ష చేసి ఇచ్చే మాత్ర అది. కూరలో కలిపితే వైద్యం కాదు, విషప్రయోగం.

డీ-అడిక్షన్ సెంటరు ఎంచుకునేటప్పుడు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసులు వేయడం నిషేధం. పద్దెనిమిది దాటినవాడిని ఇష్టం లేకుండా చేర్చాలంటే 89వ సెక్షన్ షరతులన్నీ ఉండాలి, అదీ మొదట 30 రోజులకు మించకుండా. వ్యాన్‌లో వచ్చి ఎత్తుకుపోతామనేవాళ్లకు ఫోన్ పెట్టేయండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు చేయండి, మనసు బాగోలేదంటే టెలి మానస్ 14416. సెంటరువాళ్లను ఫీజు అడిగే ముందు ఒకటి అడగండి: రాత్రి రెండింటికి ఫిట్స్ వస్తే చూసే డాక్టరు ఎవరు, లోరాజెపామ్ ఇంజెక్షన్ ఏ అల్మరాలో ఉంది. "మా దగ్గర యోగా, ప్రార్థన ఉన్నాయండి" అని జవాబొస్తే, మొదటి వారానికి ఆ చోటు కాదు.