తేమ

సద్దుల బతుకమ్మ నాడు మా ఊరి చెరువు కట్ట మీద పడిపోయాను. నర్సంపేట దగ్గర చిన్న ఊరు మాది. అమ్మ చేసిన మలీద ముద్ద చేతిలోనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు. ఇంట్లో ఉంటే తినిపించేదాకా ఊరుకోదనే కట్ట మీదికి తప్పించుకుని వచ్చాను. పొద్దుటి నుంచి పిక్కలు పట్టేస్తున్నాయి. సాయంత్రానికి చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. తర్వాత 108 బండిలో కళ్ళు తెరిచింది గుర్తుంది, అంతే.

నేను జాకీని. మలక్‌పేటలో గుర్రాలు ఎక్కుతాను. మా పనిలో కాంటాదే పెత్తనం. ఏ గుర్రం ఎంత మోయాలో ముందే నిర్ణయిస్తారు. రేసుకు ముందు జీనుతో సహా కాంటా ఎక్కాలి, అయ్యాక మళ్ళీ ఎక్కాలి. 52 కిలోలంటే నాతో పాటు జీను, బూట్లు, బట్టలు కలిపి 52. అంటే నా ఒళ్ళు 50 దాటకూడదు. సహజంగా నాది 54. ఆ నాలుగు కిలోలను వారం వారం దించేవాణ్ణి.

ఎలా అంటే, శుక్రవారం నుంచి అన్నం బంద్. ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, పైన జెర్కిన్ వేసుకుని పరుగు. తర్వాత అద్దాలెక్కించిన కారులో హీటర్ పెట్టుకుని కూర్చోవడం. దాహమేస్తే ఐసు ముక్క చప్పరించి ఉమ్మేయడం. ఆదివారం రేసు అయ్యాక బిర్యానీ, దాని మీద కూల్‌డ్రింకు. సోమవారం పొద్దున కాంటా మళ్ళీ 54 చూపించేది. ఇంత చేసీ కరిగిన కొవ్వు ఎంత అంటే, దాదాపు ఏమీ లేదు.

ఆ వారం అలా కూడా దిగలేదు. తోటి సీనియర్ ఒకడు గోళీ ఇచ్చాడు. "నీళ్ళ గోళీ తమ్మీ, పొద్దుగాల్లకు కిలోన్నర పోతది" అన్నాడు. ఫ్యూరోసమైడ్, ఒంట్లో నీళ్ళను మూత్రంగా తోసేసే మందు. క్రీడాకారులకు నిషేధమని తెలుసు. తెలిసే మింగాను, మూడు రోజులు.

వరంగల్‌లో ఆసుపత్రిలో చేర్చారు. పొటాషియం 2.6 వచ్చింది, కనీసం 3.5 ఉండాలి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.8, అంటే మామూలుకు రెట్టింపు కన్నా ఎక్కువ. పొటాషియం తొందరగా ఎక్కిస్తే గుండె ఆగే ప్రమాదముందని చుక్క చుక్కగా ఎక్కించారు. చెయ్యి మంట మండింది. కిడ్నీలు తిరిగి దారిలో పడటానికి రెండు వారాలు పట్టింది.

బాపు పత్తి రైతు. ఎనుమాముల మార్కెట్లో తేమ మీటరు పెట్టి ధర కోస్తుంటే ఏళ్ళుగా చూస్తున్నవాడు. మంచం పక్కన చాలాసేపు కూర్చుని అన్నాడు: "పత్తిల తేమ పోతె ధర వస్తది గని, మనిషిల పోతె ఏమొస్తదిరా కొడుకా?"

డిశ్చార్జి తర్వాత డైటీషియన్ దగ్గరికి వెళ్ళాను. నా తిండి రాసి చూపిస్తే రెండుసార్లు చదివింది. వారానికి అర కిలో కన్నా ఎక్కువ తగ్గొద్దంది. రోజుకు 80 గ్రాముల ప్రొటీన్ అంది. నాకు కొత్తగా తెలిసిందేమిటంటే, ఇందులో చాలావరకు మా ఇంటి తిండే: జొన్న రొట్టె, పెసరు గుగ్గిళ్ళు, కోడిగుడ్లు, పెరుగు, పచ్చిపులుసు. వరి అన్నం పూర్తిగా మానలేదు, గిన్నె మాత్రం చిన్నదయింది. ఇంకో పరీక్షలో నడుము ఎముకల సాంద్రత తక్కువని తేలింది. గుర్రం మీంచి పడటం మా పనిలో మామూలే కాబట్టి అది కిడ్నీ కన్నా ఎక్కువ భయపెట్టింది. పాలు, రాగి జావ అప్పటి నుంచే.

ఇప్పుడు పొద్దున లేవగానే కాంటా కన్నా ముందు మూత్రం రంగు చూసుకుంటాను. ముదురు పసుపుంటే ఆ రోజు పరుగు లేదు. ప్రాక్టీసులో కిలో పోతే లీటరున్నర దాకా ఓఆర్‌ఎస్, నీళ్ళు, ఒకేసారి కాకుండా నెమ్మదిగా తాగుతాను.

నాలుగు నెలల తర్వాత 52.5 దగ్గర ఆగాను. దానికన్నా తక్కువ దిగనని ట్రైనర్‌కు చెప్పేశాను. మొదటి వారమే 51 కిలోలు మోయాల్సిన గుర్రం చేజారి, పక్క కుర్రాడికి పోయింది. అది గెలిచింది కూడా. ఆ రాత్రి రెండు జొన్న రొట్టెలు తిన్నాను, కోపంగానే.