ఎన్ఐసీయూలో అమ్మానాన్నలు విజిటర్లు కాదు

నేను యూకేలో నియోనేటల్ నర్సుగా చేస్తున్నా, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే ఎన్ఐసీయూలోనే (అంటే పసిపిల్లల ఐసీయూ) నా డ్యూటీ అంతా. ఇక్కడికొచ్చిన కొత్తలో నాకు బాగా నచ్చింది అమ్మానాన్నల సంగతే. వాళ్ళకి విజిటింగ్ అవర్స్ ఉండవు, అర్ధరాత్రి వచ్చినా పక్కన కుర్చీ వేస్తాం, డాక్టర్లు రౌండ్స్‌కి వస్తే నిలబడి వినొచ్చు, డౌట్లు అడగొచ్చు.

కానీ లోపలికి రానిస్తే సరిపోదు. 26 వారాలకే పుట్టిన పాప ఉంటే వాళ్ళ నాన్న ఇంక్యుబేటర్ దగ్గర చేతులు కట్టుకుని మానిటర్ వంకే చూస్తుంటాడు, అలారం మోగిన ప్రతిసారీ మొహం పాలిపోతుంది. మేం ముందు పాప రంగు, ఊపిరి చూస్తాం, తర్వాతే మానిటర్. ఆయనకీ అదే నేర్పిస్తా. "సిస్టర్, ముట్టుకోవచ్చా?" అని భయం భయంగా అడుగుతారు. మీ పాపే కదండీ, ముట్టుకోండి, కాకపోతే నిమరకండి, ఆ పల్చటి చర్మం తట్టుకోలేదు, ఒక చెయ్యి తల మీద, ఇంకో చెయ్యి ముడిచిన కాళ్ళ మీద, కదపకుండా ఊరికే ఆనించి ఉంచండి అంటా. కాసేపటికి చేతులు కాళ్ళు విదిలించుకుంటున్న పాప సర్దుకుంటుంది, హార్ట్ రేట్ నెమ్మదిస్తుంది, అది చూసి ఆయన భుజాలు కూడా దిగుతాయి.

కంగారూ కేర్ కూడా అంతే, అంటే పాపని అమ్మ గానీ నాన్న గానీ ఛాతీకి ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకోవడం. ఇది 1978లో కొలంబియాలోని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టర్ మొదలుపెట్టింది, అక్కడ ఇంక్యుబేటర్లు చాలక. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే (డబ్ల్యూహెచ్ఓ) 2022 నుంచి పుట్టిన వెంటనే మొదలుపెట్టమంటోంది. సీపాప్ (ముక్కు ద్వారా గాలి ఒత్తిడితో ఊపిరికి సాయం చేసే మెషిన్) మీదున్నా, ఊపిరి ట్యూబ్ ఉన్నా, ఛాతీ మీద పడుకోబెట్టొచ్చు, వైర్లు సర్దడం మా పని.

మనలా బయట దేశం నుంచి వచ్చిన వాళ్ళకి ఇదంతా ఇంకా కష్టం. అమ్మని ముందే డిశ్చార్జ్ చేస్తారు, పాప ఇక్కడే ఉంటుంది, అమ్మమ్మ వద్దామంటే వీసా రాదు, నాన్న ఉద్యోగానికి పోవాలి. ఆ అమ్మ ఖాళీ ఇంట్లో అలారం పెట్టుకుని రాత్రి లేచి పాలు పంప్ చెయ్యాలి, రోజుకి 8 సార్లైనా, లేకపోతే పాలు తగ్గిపోతాయి. ఎంత ఒంటరితనమో చెప్పలేను. అందుకే వాళ్ళు పాలు తెచ్చినప్పుడు, అడుగున నాలుగు చుక్కలే ఉన్నా సరే, నేను చాలా జాగ్రత్తగా అందుకుంటా. మొదటి రోజుల్లో ఆ చుక్కలే పాప బుగ్గ లోపల రాస్తాం.

ఇంకోటి, అర్థమైందా అంటే చాలామంది తలూపేస్తారు, ఆ తలూపడాన్ని నేను నమ్మను. మీ భాషలో చెప్పే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, డబ్బులేం కట్టక్కర్లేదు, ఫోన్లో కూడా దొరుకుతారు. తెలుగువాళ్ళొస్తే నేను తెలుగులోనే మాట్లాడతా, కానీ బ్రెయిన్ స్కాన్ రిపోర్ట్ లాంటి పెద్ద విషయాలప్పుడు డాక్టర్ పక్కన ఇంటర్‌ప్రెటర్ ఉండాల్సిందే అంటా.

ఇంటి నుంచి ఫోన్ చేసే బంధువులకో మాట, రోజూ బరువెంత అని అడగకండి ప్లీజ్. మొదటి రోజుల్లో బరువు తగ్గడం మామూలే. ఇంటికెళ్ళాక కూడా పక్కింటి పిల్లాడితో పోల్చొద్దు. 28 వారాలకి పుట్టిన పాపకి ఆరు నెలలొస్తే అసలు పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కేస్తే మూడు నెలలే, బోర్లా పడలేదని కంగారెందుకు. రెండేళ్ళ దాకా అలాగే లెక్కేస్తాం.

ఇక్కడ ఉద్యోగం చేసే నాన్నలకి చాలామందికి తెలియనిది, 2025 ఏప్రిల్ 6 నుంచి నియోనేటల్ లీవ్ వచ్చింది. ఆ రోజు గానీ తర్వాత గానీ పుట్టిన బిడ్డ 28 రోజుల్లోపు అడ్మిట్ అయ్యి, వరుసగా 7 రోజులు ఆసుపత్రిలో ఉంటే, ఉన్న వారానికో వారం చొప్పున గరిష్ఠంగా 12 వారాలు, పెటర్నిటీ లీవ్‌కి అదనం. ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఈ సెలవు హక్కు, జీతం రూల్స్ మాత్రం వేరు. మేనేజర్ ఏమనుకుంటాడో అని ఆగకండి, హెచ్ఆర్‌కి ఈ రోజే మెయిల్ పెట్టండి.