అమ్మమ్మ మతిమరుపు, తాతయ్య మతిమరుపు

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్రమంగా దెబ్బతినే జబ్బు, ఉందని 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా వేసింది. పెద్దవయసువారిపై దేశమంతటా జరిగే లాసీ సర్వేలో డిమెన్షియా కోసం చేసిన భాగం అది. స్త్రీలలో ఈ జబ్బు 9 శాతం, పురుషులలో 5.8 శాతం. ఆడవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారు కాబట్టి జబ్బులూ ఎక్కువేనని చాలామంది ఇక్కడితో సరిపెట్టుకుంటారు. ఆయుర్దాయం మాట నిజమే గాని, మన దేశం వరకు ముందుగా చూడవలసింది చదువు అని నేను నమ్ముతాను. 1951 జనగణన నాటికి మగవారిలో అక్షరాస్యులు 27.16 శాతం కాగా ఆడవారిలో 8.86 శాతం మాత్రమే. ఇప్పుడు డెబ్బై అయిదేళ్ళు దాటిన అమ్మమ్మలు ఆ రోజుల్లో పుట్టినవారు. డిమెన్షియా ముప్పును పెంచే, మనం మార్చగలిగిన 14 కారణాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక నిపుణుల కమిషన్ 2024లో పేర్కొన్నప్పుడు, చిన్నతనంలో చదువు అందకపోవడం కూడా వాటిలో ఉంది.

చదువు లేకపోవడం మతిమరుపును కనిపెట్టే పరీక్షను కూడా తికమక పెడుతుంది. ఒక వాక్యం రాయమని, కాగితం మీద ఉన్నది చదివి అలాగే చేయమని అడిగితే, బడి ముఖం చూడని మనిషికి జ్ఞాపకశక్తి ఎంత బాగున్నా మార్కులు పోతాయి. అందుకే 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం చదువురాని వారికీ సరిపడేలా ఒక పరీక్షను తయారు చేశారు. రాయమనడానికి బదులు, మీ ఇంటి గురించి ఏదైనా చెప్పమని అందులో అడుగుతారు.

మతి సంగతి ఇలా ఉంటే, రోజువారీ పనులను కొలిచే తీరు నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 2017-18లో 45 ఏళ్ళు పైబడిన 72 వేల మందికి పైగా జనాన్ని ప్రశ్నించిన లాసీ సర్వేలో వంట చేసుకోవడం, సరుకులు కొనడం, ఫోన్ చేయడం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు చూసుకోవడం, తెలియని చోట చిరునామా వెతుక్కోవడం వంటి పనులు కష్టంగా ఉన్నాయా అని అడిగారు, కష్టమన్నవారిలో స్త్రీలే ఎక్కువ. అయితే జీవితమంతా డబ్బు భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉండి, ఒంటరిగా బస్సెక్కని మనిషి లెక్కలూ చిరునామాలూ తనవల్ల కావన్నప్పుడు, అది వయసు తెచ్చిన అశక్తతా, ఎన్నడూ చేయనివ్వని పనా అన్నది ఆ జవాబు చెప్పదు. అమెరికాలో 1969లో లాటన్, బ్రాడీ అనే పరిశోధకులు ఇలాంటి పనులను కొలవడానికి రూపొందించిన కొలమానంలోనైతే వంట, ఇంటిపని, బట్టలు ఉతకడం మగవారి మార్కుల్లో లెక్కించేవారే కాదు.

మా పెద్దమ్మ పోపు పెట్టిన చారుకే మళ్ళీ పోపు పెట్టినప్పుడు ఇంటిల్లిపాదికీ తెలిసింది. వయసు మీద పడి చాదస్తం పెరిగిందని తీసిపారేశారు, డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు. పెదనాన్నకు ఏ పూట ఏ మాత్ర వేయాలో ఆవిడే చూసి, బిళ్ళలు అరచేతిలో పెట్టి నీళ్ళు అందించేది. ఆవిడ పోయాక గాని, ఏది పొద్దుటి మాత్రో ఏది రాత్రిదో ఆయనకు తెలియదని, భోజనం చేసిన గంటకే అన్నం పెట్టలేదని అడుగుతున్నారని ఎవరూ గుర్తించలేదు. ఆవిడ మరుపు వంటింట్లో బయటపడింది, ఆయన మరుపును ఆవిడ సేవ ఏళ్ళ తరబడి కప్పిపుచ్చింది.

శరీరం విషయంలోనూ దారులు వేరే. గుండెజబ్బులు మగవారిని ముందే తీసుకుపోతాయి. మోకాళ్ళ అరుగుదల, ముట్లు ఆగాక ఎముకలు గుల్లబారడం వంటివి ఆడవారి ప్రాణం తీయకుండానే నేల మీద కూర్చోవడాన్ని, ఇండియన్ టాయిలెట్ వాడటాన్ని ఏళ్ళకేళ్ళు నరకం చేస్తాయి. భర్త మంచాన పడితే చూసుకోవడానికి భార్య ఉంటుంది, ఆవిడ మంచాన పడేనాటికి తరచుగా ఆయన ఉండడు.

అందుకే పెద్దవారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళేవారు, ఈ మనిషి ఇదివరకు ఏయే పనులు సొంతంగా చేసుకునేవారో, వాటిలో ఏది ఎప్పటి నుంచి తప్పుతోందో రాసుకుని వెళ్ళాలి. విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్ సమస్య, దిగులు కూడా మతిమరుపులాగే కనబడతాయి, వాటికి వైద్యం ఉంది. చూపు, వినికిడి తగ్గడం కూడా లాన్సెట్ చెప్పిన 14 కారణాల్లో ఉన్నాయి. నేను చూసిన ఇళ్ళలో శుక్లం ఆపరేషన్ గాని, చెవి మిషను గాని ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అని వాయిదా పడేది ఎక్కువగా అమ్మమ్మలకే.